గృహ ధ్వనియంత్రం ఎన్నిక: మితవ్యయంలో మన్నిక

నేటి గృహాలలో టెలివిజను ఒక సామాన్య వస్తువు అయిపోయింది. గోడకు తగిలించే పలుచని తెరలు వచ్చిన తరువాత దృశ్యం ఎంతో మెరుగుపడింది కాని, ఆ పలుచదనం వల్లనే ధ్వని క్షీణించింది. రెండు మూడు అంగుళాల మందం మాత్రమే గల పెట్టెలో పెద్ద స్పీకరుకు చోటు ఉండదు. ఉన్న చిన్న స్పీకర్లు కూడా తరచుగా వెనుకకో, క్రిందికో తిరిగి ఉంటాయి. అందుచేత పాత్రల మాటలు అర్థం కాక ధ్వనిని పెంచటం, పెంచిన వెంటనే వాద్యఘోష చెవులు బద్దలు కొట్టటం మనందరికీ అనుభవమే.

ఈ లోపాన్ని సవరించుకోవటానికి ఇంట్లోనే ఒక రిసీవరును, కొన్ని స్పీకర్లను అమర్చుకొనే అలవాటు మధ్యతరగతి కుటుంబాలలోకి కూడా ప్రవేశించింది. ధనవంతుడు ఈ కొనుగోలులో పొరపడితే మరొకటి కొనుక్కుంటాడు. నెలనెలా కొంత మిగిల్చి కొనే కుటుంబానికి అదే పొరపాటు సంవత్సరకాలపు పొదుపును మింగివేస్తుంది. మా విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఇటువంటి కుటుంబాల నుండి వస్తున్నవారే. ఇంటిలో యంత్రం కొనవలసి వచ్చినప్పుడు తల్లిదండ్రులు మొట్టమొదట సలహా అడిగేది కళాశాలలో చదివే బిడ్డనే. ఆ బిడ్డ ఏమి చెప్పవలెనో తెలియజేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

భాషాధ్యాపకులమైన మాకు యంత్రాలతో పని ఏమిటని కొందరు ప్రశ్నింపవచ్చు. ధ్వని లేక భాష లేదు. మాట స్పష్టంగా వినబడటం లేదా వినబడకపోవటం మా శాస్త్రానికి కూడా సంబంధించిన విషయమే.

రిసీవరు అంటే ఏమిటి?

రేడియో తరంగాలను స్వీకరించి, వాటిలోని శబ్దాన్ని పెంచి స్పీకరుకు అందించే యంత్రానికి పూర్వం రిసీవరు అని పేరు. నేటి రిసీవరులో రేడియో ఒక చిన్న భాగం మాత్రమే. ఇది చేసే పనులు ముఖ్యంగా మూడు. మొదటిది, టెలివిజను, సెట్‌టాప్ బాక్సు, డిస్కు ప్లేయరు మొదలైన వాటి నుండి వచ్చే సంకేతాలను అందుకొని మనం కోరిన దానిని ఎన్నుకోవటం. రెండవది, ఆ సంకేతంలో ఇమిడి ఉన్న వేర్వేరు దిక్కుల ధ్వనులను విడదీయటం. మూడవది, విడదీసిన ఒక్కొక్క ధ్వనిని పెంచి ఆయా స్పీకర్లకు పంపటం.

అన్ని దిక్కుల నుండి ధ్వని వినిపించే పద్ధతి సినిమాహాళ్ళ నుండే ఇళ్ళకు వచ్చింది. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రమైన 'సింహాసనం' 1986లో విడుదలైనప్పుడు స్టీరియోఫోనిక్ ధ్వని మన ప్రేక్షకులకు ఒక వింతగా తోచింది. 1992లో డాల్బీ డిజిటల్, 2012లో డాల్బీ ఆట్మాస్ పద్ధతులు సినిమారంగంలోకి వచ్చాయి. తరువాత అవే గృహోపకరణాలలో చేరాయి. ఇళ్ళలో ఎక్కువగా వాడే పద్ధతిని 5.1 అంటారు. ముందు ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు మూడు, వినేవారి ఇరుప్రక్కల కొంచెం వెనుకగా రెండు, వెరసి 5. కేవలం మంద్రధ్వనుల కోసం ప్రత్యేకించిన సబ్‌వూఫరును ఆ '.1' సూచిస్తుంది.

వాట్ల మాయ

దుకాణంలో మొదట వినబడే మాట 'వాట్లు'. పెట్టెమీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత గొప్ప యంత్రమని మనల్ని నమ్మిస్తారు. ఈ అంకెలను పరీక్షించటానికి పాఠశాలలో నేర్చుకొన్న భౌతికశాస్త్రమే చాలు.

కొన్ని చౌక పెట్టెల మీద 'పి.ఎం.పి.ఓ. 5000 వాట్లు' అని కనబడుతుంది. మన ఇళ్ళలో సామాన్యంగా వాడే సాకెట్టు 6 ఆంపియర్లది. వోల్టేజి 230. ఈ రెండింటిని గుణిస్తే 1380 వాట్లు వస్తాయి. ఆ సాకెట్టు నుండి నిలకడగా 1380 వాట్లకు మించి తీసుకోవటానికి వీలులేనప్పుడు, దానికి తగిలించిన పెట్టె 5000 వాట్లను నిలకడగా ఎట్లా ఇవ్వగలదు? ఆ అంకెకు ప్రామాణికమైన కొలత ఏదీ లేదు. దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

పేరుపొందిన సంస్థల ప్రకటనలలోని అంకెలు అబద్ధాలు కావు. కాని అవి ఏ షరతులతో చెప్పినవో చూడాలి. ఉదాహరణకు ఒకే రిసీవరును మూడు విధాలుగా కొలిచి 140 వాట్లు, 100 వాట్లు, 70 వాట్లు అని మూడు అంకెలు వ్రాయవచ్చు. ఒక్క చానలును మాత్రమే పనిచేయించి, ఒకే స్వరాన్ని పంపి, ధ్వని 10 శాతం వికృతమయ్యే దాకా పెంచితే మొదటి అంకె వస్తుంది. రెండు చానళ్ళను ఒకేసారి పనిచేయించి, 20 నుండి 20,000 హెర్ట్జ్ దాకా గల ధ్వనులన్నిటితో, వికృతి 0.1 శాతం లోపల ఉండగా కొలిస్తే చివరి అంకె వస్తుంది. ఈ చివరిదే నిజాయితీ గల అంకె. అమెరికా ప్రభుత్వం ఇటువంటి ప్రకటనలను అదుపు చేయటానికి 1974లోనే ఒక నియమం చేసింది. కొలతల షరతులు అందరికీ ఒకటిగా ఉండాలని 2024లో దానిని మరింత బిగించింది. సమస్య ఎంత పాతదో దీనివల్ల తెలుస్తున్నది.

కనుక రెండు రిసీవర్లను పోల్చేటప్పుడు ఒకే షరతులతో కొలిచిన అంకెలనే పోల్చాలి. '8 ఓములు, 20 నుండి 20,000 హెర్ట్జ్, 2 చానళ్ళు' అన్న వివరం వివరణ పుస్తకపు చివరి పుటలలో ఉంటుంది. ఆ పుస్తకం తయారీదారుల వద్ద ఉచితంగా దొరుకుతుంది. దుకాణానికి వెళ్ళకముందే దానిని చదవాలి.

మన గదికి ఎన్ని వాట్లు కావాలి?

స్పీకరు వివరాలలో 'సెన్సిటివిటి 88 డెసిబెల్' వంటి మాట ఉంటుంది. ఒక వాటు శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఆ స్పీకరు 88 డెసిబెళ్ళ ధ్వని చేస్తుందని దాని అర్థం. మనం 3 మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 9.5 డెసిబెళ్ళు తగ్గి 78.5 అవుతుంది. గోడల ప్రతిధ్వని వల్ల నిజానికి ఇంకొంచెం ఎక్కువే వినబడుతుంది.

ఇంట్లో సినిమాను సగటున 75 డెసిబెళ్ళతో వింటే గట్టిగా విన్నట్లే. దానికి అర వాటు కూడా పట్టదు. కాని ఉరుము, పేలుడు వంటి ఘట్టాలలో ధ్వని ఒక్క క్షణం 20 డెసిబెళ్ళు పైకి పోవచ్చు. 20 డెసిబెళ్ళంటే నూరురెట్ల శక్తి. ఆ క్షణానికి సుమారు 45 వాట్లు కావాలి. అంటే సామాన్యమైన గదిలో నిజాయితీ గల 50 నుండి 70 వాట్లు సరిపోతాయి.

శక్తి రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. 75 వాట్ల యంత్రానికి బదులు 150 వాట్ల యంత్రం కొంటే కలిగే లాభం అంతే. అదే 3 డెసిబెళ్ళను 88కి బదులు 91 డెసిబెళ్ళ స్పీకరును ఎన్నుకొని పొందవచ్చు. మొత్తం ధనంలో రిసీవరుకు సగం మించకుండా ఖర్చుచేసి, మిగిలినది స్పీకర్లకు కేటాయించటం మంచిదని మా అభిప్రాయం.

త్వరగా పాతబడేది, నెమ్మదిగా పాతబడేది

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకొన్న విషయం ఇది. రిసీవరు చూడటానికి ఒకే పెట్టె అయినా దానిలో రెండు వేర్వేరు ఆయుర్దాయాలు గల భాగాలు ఉన్నాయి.

ధ్వనిని పెంచే భాగం నెమ్మదిగా పాతబడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు, ట్రాన్సిస్టర్లు, వేడిని వెదజల్లే అల్యూమినియపు రెక్కలు, ఇవన్నీ దశాబ్దాలుగా స్థిరపడిన విద్య. ముప్పది సంవత్సరాల క్రిందటి మంచి యాంప్లిఫయరు నేటికీ చక్కగా పనిచేస్తుంది.

దృశ్యసంకేతాలను అందుకొని టెలివిజనుకు పంపే భాగం త్వరగా పాతబడుతుంది. హెచ్.డి.ఎం.ఐ. అనే ఈ మార్గం 2002లో వచ్చింది. 2009లో 1.4, 2013లో 2.0, 2017లో 2.1 అంటూ దానికి కొత్త రూపాలు వస్తూనే ఉన్నాయి. కొత్తది రాగానే పాత రిసీవరు 'పనికిరానిది' అయిపోతుంది. పైగా కొత్తరూపం మొదట వచ్చినప్పుడు లోపాలు ఉండవచ్చు. 2020లో 8కె పేరుతో విడుదలైన కొన్ని రిసీవర్లలో చిప్పు లోపం వల్ల కొన్ని ఆటల యంత్రాల దృశ్యం తెరమీదకు రాకపోవటాన్ని తయారీదారులే అంగీకరించవలసి వచ్చింది.

మితవ్యయపరుడు ధనాన్ని నెమ్మదిగా పాతబడే భాగంమీద పెట్టి, త్వరగా పాతబడే దానిని టెలివిజనుకే వదిలివేయాలి. దీనికి సులభమైన ఉపాయం కలదు. సెట్‌టాప్ బాక్సును, ప్లేయరును నేరుగా టెలివిజనుకే తగిలించాలి. టెలివిజను నుండి ధ్వనిని మాత్రం 'ఆర్క్' అనే హెచ్.డి.ఎం.ఐ. ద్వారం నుండి రిసీవరుకు తీసుకోవాలి. అప్పుడు దృశ్యం 4కె అయినా 8కె అయినా రిసీవరుకు సంబంధం ఉండదు. సామాన్యమైన ఆర్క్ ద్వారం డాల్బీ డిజిటల్‌ను, దాని తరువాతి రూపమైన డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయగలదు. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే చిత్రాల ధ్వనికి ఇది సరిపోతుంది. బ్లూరే డిస్కులలోని సంపూర్ణధ్వనిని వినగోరేవారికి మాత్రమే 'ఇ-ఆర్క్' అవసరం. టెలివిజనులోను రిసీవరులోను ఆర్క్ ఉన్నదో లేదో కొనేముందు చూసుకొంటే చాలు. 8కె కోసం, తొమ్మిది చానళ్ళ కోసం అదనంగా చెల్లించనక్కరలేదు.

అన్నీ ఒకే పెట్టెలో వచ్చే చౌక 'హోం థియేటర్' సెట్ల విషయంలో ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి స్పీకరు తీగలు ఆ సంస్థకే ప్రత్యేకమైన ప్లగ్గులతో ఉంటాయి. యాంప్లిఫయరు చెడితే స్పీకర్లు కూడా నిరుపయోగం అవుతాయి. విడివిడిగా కొన్నవాటికి ఈ బాధ లేదు. మొదట రిసీవరు, ముందరి రెండు స్పీకర్లు కొని, మధ్య స్పీకరును ఆరునెలల తరువాత, ప్రక్క స్పీకర్లను, సబ్‌వూఫరును ఆ పైన చేర్చుకోవచ్చు. అప్పు చేయకుండా అంచెలంచెలుగా పూర్తిచేసుకొనే అవకాశం ఇందులో ఉన్నది.

మాట స్పష్టంగా వినబడాలంటే

అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. మాటకు అర్థాన్ని ఇచ్చే హల్లుల గుర్తులు చాలావరకు 2000 నుండి 4000 హెర్ట్జ్ నడుమ ఉంటాయి. 'స', 'శ' వంటి ఊష్మాల బలం ఇంకా పైన ఉంటుంది. పాత టెలిఫోను 300 నుండి 3400 హెర్ట్జ్ వరకే పంపేది కనుక అందులో 'స' కూ 'ఫ' కూ భేదం తెలిసేది కాదు. ఉర్దూలో 'జ' కూ 'జ़' కూ, తెలుగులో 'శ' కూ 'ష' కూ గల భేదాన్ని నిలబెట్టేవి ఈ పై ధ్వనులే.

సినిమాలోని సంభాషణ చాలావరకు మధ్య స్పీకరుకే వస్తుంది. కనుక దానిని చెవి ఎత్తుకు సమీపంగా, అలమారలోపల లోతుగా కాక అంచుకు పెట్టాలి. మధ్య స్పీకరు లేనివారు రిసీవరులో 'సెంటర్ నన్' అని తెలియజేస్తే ఆ మాటలు ముందరి రెండు స్పీకర్లకు సమానంగా పంచబడతాయి. ఇట్లా తెలియజేయక మాటలు పోగొట్టుకొనేవారు కొందరు ఉంటారు. చిన్న స్పీకర్లు ఉన్నవారు 'క్రాసోవర్' అంకెను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, అంతకు తక్కువ ధ్వనులను సబ్‌వూఫరుకు వదిలితే చిన్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది.

నేటి రిసీవర్లలో చాలావాటితో ఒక చిన్న మైకు వస్తుంది. వినేచోట దానిని ఉంచితే యంత్రమే దూరాలను, హెచ్చుతగ్గులను సరిచేసుకొంటుంది. ఉత్త గోడలు, రాతిగచ్చు గల మన గదులలో ప్రతిధ్వని ఎక్కువ. ఒక తివాచీ, బరువైన పరదా, పుస్తకాల బీరువా చేసే మేలును ఏ మైకూ చేయలేదు.

వేడి, విద్యుత్తు

యంత్రం ఆయువును హరించే మొదటి శత్రువు వేడి. రిసీవరులోని ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు కాలక్రమాన ఎండిపోతాయి. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయువు సుమారు సగానికి తగ్గుతుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు నిలిచే కెపాసిటరు 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. రోజుకు నాలుగు గంటల వాడకానికి అది సుమారు 22 సంవత్సరాలు. అదే 75 డిగ్రీలయితే 11 సంవత్సరాలే. మే నెలలో గది వేడి 40 డిగ్రీలు దాటే మన జిల్లాలలో, రిసీవరును తలుపులున్న అలమారలో మూసిపెట్టి, దానిమీద సెట్‌టాప్ బాక్సు, ఆ పైన అల్లిన గుడ్డ పరచటం ఎంత హానికరమో వేరుగా చెప్పనవసరం లేదు. పైన కనీసం ఒక జానెడు ఖాళీ ఉండాలి. వెచ్చని యంత్రంలోకి బల్లులు, బొద్దింకలు చేరుతాయి. నెలకొకసారి దుమ్ము తుడవటం, కన్నాలను గమనించటం అవసరం.

రెండవ శత్రువు వోల్టేజి ఎగుడుదిగుళ్ళు. వోల్టేజి తరచుగా మారే ప్రాంతాలలో మంచి స్టెబిలైజరు, సరిగా పనిచేసే ఎర్తింగు ఉండాలి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గుతోపాటు డిష్ లేదా కేబులు తీగను కూడా విడదీయాలి. పిడుగుపాటు ఆ తీగవెంట వచ్చి హెచ్.డి.ఎం.ఐ. భాగాన్ని కాల్చగలదు. ఆ తీగలను యంత్రాలు ఆపివేసిన తరువాతనే తగిలించాలి.

మూడవది స్పీకరు తీగల విషయంలో అజాగ్రత్త. విడిపోయిన ఒక్క రాగిపోగు ప్రక్క బిందువును తాకితే యాంప్లిఫయరు దెబ్బతినవచ్చు. పోగులను గట్టిగా మెలిపెట్టి బిగించాలి. ఖరీదైన తీగలు అనవసరం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 10 మీటర్ల దూరానికి, పోనురానులు కలిపి, సుమారు 0.23 ఓముల నిరోధాన్ని మాత్రమే చూపుతుంది. 8 ఓముల స్పీకరుకు అది లెక్కలోనిది కాదు. ఒకే చానలుకు రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే మాత్రం 4 ఓములై యంత్రం మీద భారం రెట్టింపవుతుంది. అట్లా చేయరాదు.

విదేశం నుండి వచ్చే యంత్రాలు

మన కుటుంబాలలో గల్ఫు దేశాలలోనో, అమెరికాలోనో ఉన్న బంధువులు యంత్రాలు తెచ్చి ఇవ్వటం తరతరాలుగా జరుగుతున్నది. అభిమానంతో తెచ్చినది మొదటి రోజే కాలిపోతే ఉభయులకూ బాధ. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది కాని హెర్ట్జ్‌ను మార్చలేదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే నిర్మించిన ట్రాన్స్‌ఫార్మరును 50 హెర్ట్జ్ మీద నడిపితే దాని ఇనుప గర్భంలో అయస్కాంత ప్రవాహం అయిదవ వంతు పెరిగి అధికంగా వేడెక్కుతుంది. సౌదీ అరేబియాలో కూడా 60 హెర్ట్జే. కనుక వెనుక పలక మీద '220-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉన్నదో లేదో చూడమని బంధువులకు ముందే తెలియజేయాలి.

మరొక చిన్న విషయం. అమెరికాకు ఉద్దేశించిన రిసీవర్ల రేడియో చాలావాటిలో 101.9, 102.1 అంటూ రెండేసి మెట్లు ఎక్కుతుంది. హైదరాబాదు వివిధభారతి ఉండే 102.8 వాటికి సరిగా చిక్కదు. అన్నిటికంటె ముఖ్యం, ఒక దేశపు వారంటీ మరొక దేశంలో సాధారణంగా చెల్లదు.

కొనేటప్పుడు

పేరుమాత్రం చూసి కొనరాదు. 1946లో ప్రారంభమైన జపాను సంస్థ ఓంక్యో 2022లో దివాలా తీసింది. ఆ పేరు ఇతరుల చేతిలో నేటికీ కొనసాగుతున్నది. పేరు నిలిచినా నిలవకపోయినా, మన ఊరికి అందుబాటులో మరమ్మతు కేంద్రం ఉన్నదా, విడిభాగాలు దొరుకుతాయా అన్నవే అసలు ప్రశ్నలు. యమహా, డెనాన్, సోనీ మొదలైన సంస్థల చిన్న రిసీవర్లలో దేనిని ఎన్నుకోవాలన్నా ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానమే తీర్పు కావాలి. కొనేముందు ఆ కేంద్రానికి మనమే ఫోను చేసి అడగటం ఉత్తమం.

దుకాణంలో మీకు బాగా తెలిసిన ధ్వనిని మీరే వినిపించుకోవాలి. ఒక తెలుగు పద్యం, ఒక ఉర్దూ గజల్, వార్తలు చదివే గొంతు చాలు. దుకాణదారు పెట్టే విమానాల చప్పుడు దేనినీ పరీక్షించదు. మెల్లగా పెట్టినప్పుడు కూడా మాట తెలుస్తున్నదా? సంకేతం ఏదీ లేనప్పుడు స్పీకరులో గుర్రుమనే శబ్దం ఉన్నదా? పావుగంట తరువాత పై మూత చేయి పెట్టలేనంత వేడెక్కిందా? ఇవి చూడాలి. వాడినదానిని కొనేవారు ప్రతి ద్వారాన్ని, ప్రతి చానలును విడివిడిగా పరీక్షించాలి. మరలు గీసుకుపోయి ఉంటే లోగడ విప్పారని గ్రహించాలి. కాలిన వాసన ఉంటే ఎంత చౌక అయినా వదలివేయాలి.

బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామన్న మాటకు లోబడరాదు. బిల్లు లేనివానికి వారంటీ లేదు. 2020 జూలై నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా, తాను నివసించే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేసుకొనే హక్కు కొనుగోలుదారునికి ఉన్నది. ఆ హక్కును నిలబెట్టే ఆధారం బిల్లు కాగితమే.

కళాశాల కమిటీ పెద్దలకు మనవి

ఈ సూత్రాలే విద్యాసంస్థకూ వర్తిస్తాయి. అయితే ఒక తేడా కలదు. ఇంటికి ఉద్దేశించిన రిసీవరు పెద్ద సభామందిరానికి తగినది కాదు. బహిరంగస్థలంలో దూరం రెట్టింపు అయినప్పుడల్లా 6 డెసిబెళ్ళు తగ్గుతాయి. 3 మీటర్ల దగ్గర వినబడినంత గట్టిగా 12 మీటర్ల దగ్గర వినబడాలంటే 16 రెట్ల శక్తి కావాలి. మూసిన మందిరంలో ఇంత తగ్గుదల ఉండదు కాని, గోడల ప్రతిధ్వని మాటను అస్పష్టం చేస్తుంది. అట్టిచోట సభలకై నిర్మించిన యాంప్లిఫయరు, గోడలవెంట అక్కడక్కడ అమర్చిన చిన్న స్పీకర్లు మేలు. నలభైమంది కూర్చునే శ్రవణదృశ్య తరగతి గదికి మాత్రం మంచి రిసీవరు, ముందరి మూడు స్పీకర్లు చాలు. తరగతి గదిలో వెనుక స్పీకర్ల వల్ల లాభం లేదు. గృహోపయోగానికి ఇచ్చే వారంటీ సంస్థలలో వాడినప్పుడు వర్తించదని చాలా పత్రాలలో చిన్న అక్షరాలతో ఉంటుంది. ఈ విషయాన్ని టెండరు పిలిచే ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవలసి ఉంటుంది. ధర తక్కువ చెప్పినవారికే ఇవ్వక, మరమ్మతు బాధ్యతను ఎన్నాళ్ళు స్వీకరిస్తారో కూడా పరిశీలించవలసిందిగా ప్రార్థన. ఉపన్యాసాలు, భాషాపాఠాలు, కవిసమ్మేళనాల రికార్డులు వినిపించే గదిలో చివరి బెంచీ విద్యార్థికి మాట అందకపోతే ఎంత ఖర్చుచేసినా వ్యర్థమే.

ముగింపు

విద్యార్థులారా! ఈ రోజున మీరు కొనే యంత్రం పది సంవత్సరాల తరువాత మారిపోవచ్చు. దానిని ఎన్నుకొన్న పద్ధతి మాత్రం తరువాత మీరు కొనబోయే ప్రతి వస్తువుకూ ఉపయోగపడుతుంది. అంకె చూసినప్పుడు దాని షరతులు అడగండి. కొత్త సౌకర్యం చూపినప్పుడు మన ఇంటికి దాని అవసరం ఎంత అని ఆలోచించండి. ఏది త్వరగా పాతబడుతుందో, ఏది నిలుస్తుందో వేరుచేసి, నిలిచేదానికే ధనం వెచ్చించండి. బిల్లు భద్రపరచండి. గాలి ఆడేచోట యంత్రాన్ని ఉంచండి. ఈ మాత్రం జాగ్రత్త తీసుకొంటే తల్లిదండ్రులు కష్టపడి కూడబెట్టిన ధనం సద్వినియోగం అవుతుంది. ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుని, ఎవరూ 'ఏమన్నాడు, ఏమన్నాడు' అని అడగకుండా ఒక మంచి చిత్రాన్ని చూడగలుగుతారు.